ఆల్ప్స్‌లో బైక్ టూర్: 14 రోజులు, 4,500 కి.మీ. ప్లాన్ ఒకసారి చూసి చెప్పండి

సైడ్‌స్టాండ్
జూలైలో ఆల్ప్స్ వెళ్దామని ప్లాన్. ఇద్దరం, ఒకటే బండి. మ్యూనిక్‌లో బండి తీసుకుని మళ్లీ అక్కడే అప్పగించాలి. రూటు: ఆస్ట్రియాలో గ్రాస్‌గ్లాక్నర్, ఇటలీలో డోలమైట్స్, స్టెల్వియో, తర్వాత స్విస్ కనుమలు, అక్కణ్ణుంచి ఫ్రాన్స్‌లో ఇజెరాన్, బోనెట్ ఎక్కి, నీస్‌లో సముద్రం చూసి వెనక్కి. మ్యాపులో 4,500 కి.మీ. వస్తోంది. 14 రోజులకి పంచితే రోజుకి 320 చిల్లర. హైవే మీద 500 లాగేసేవాళ్లకి ఇదో లెక్కా అనుకున్నా, కానీ ఎవరికి చూపించినా నవ్వుతున్నారు. ఎందుకో చెప్పండి. ఇంకో డౌటు, అద్దె బండి మేలా, సొంత బండిని విమానంలో పంపుకోవడం మేలా?

కనుమదారి
నవ్వు వచ్చేది గంటల లెక్క లేనందుకు. కనుమ రోడ్ల మీద ఎంత బాగా తోలినా సగటు గంటకి 40-45 దాటదు. అంటే 320కి ఏడెనిమిది గంటలు చక్రం ఆగకుండా తిరగాలి. పెట్రోలు, తిండి, ఫొటోలు, రెయిన్ సూట్ వేసుకోవడం విప్పుకోవడం, సైకిళ్ల గుంపుల వెనక పాక్కుంటూ పోవడం, వీటికి ఇంకో మూడు గంటలు. అలా 14 రోజులూ.
పైగా నీకున్నవి 14 కావు. మొదటి రోజు అద్దె కాగితాలు, బండి తనిఖీ అయ్యేసరికి మధ్యాహ్నం. ఆఖరి రోజు షాపు మూసేలోగా అప్పగించాలి, ఆదివారమైతే చాలాచోట్ల అసలు తెరవరు. ఒక రోజు వానకి పోతుందనుకో. మిగిలేది 11. కనుమలున్న రోజు 200, మహా అయితే 250 పెట్టుకో. ఫ్రాన్స్ మొత్తం కొట్టెయ్.

పాతగొలుసు
ఫ్రాన్స్ ఎందుకు కొట్టెయ్యాలి? ఇజెరాన్ 2,764 మీటర్లు, ఆల్ప్స్‌లో అన్నిటికంటే ఎత్తైన తారు కనుమ. బోనెట్ మీద లూప్ రోడ్డు 2,802 దాకా పోతుంది. స్టెల్వియోలో ఉన్నంత జనం వాటిలో సగం కూడా ఉండరు. కొట్టెయ్యాల్సింది మ్యూనిక్‌ని. జెనీవాలో బండి తీసుకుని దక్షిణానికి దిగితే నీస్ దాకా దారంతా కనుమలే.

కనుమదారి
@పాతగొలుసు నువ్వు చెప్పేది మంచి టూరే, కాకపోతే అది వేరే టూరు. రెండూ ఒకే సెలవులో కలిపితే కుదరదనే నా గోల. తూర్పు కావాలా పడమర కావాలా ముందు తేల్చుకోమను.

వెనకసీటు
పిలియన్ తరఫున ఒక మాట. హ్యాండిల్ పట్టుకున్నవాడికి ప్రతి మలుపూ ఆట, వెనకాల కూర్చున్నవాళ్లకి ప్రతి మలుపూ బ్రేకు దెబ్బ. గంట, గంటన్నరకోసారి దిగకపోతే నడుము చెప్పిన మాట వినదు. ఐదో రోజో ఆరో రోజో సామాను విప్పకుండా, బండి తాళం తియ్యకుండా ఒక పూర్తి రోజు పెట్టండి. అది ప్లాన్‌లో ముందే రాసి ఉండాలి, "అప్పుడు చూద్దాం" అంటే రాదు.

పెట్టెబండి
సొంత బండి గురించి నేను చెప్తా. విమానంలో అసలు బరువు కాదు, పెట్టె సైజుకి డబ్బు కట్టాలి. పొడవు × వెడల్పు × ఎత్తు సెంటీమీటర్లలో వేసి 6,000తో భాగిస్తే వచ్చేది చార్జీ బరువు. బండిని ఉన్నదున్నట్టు 240 × 100 × 140 పెట్టెలో పెడితే 560 కిలోలు. ముందు చక్రం, అద్దాలు, విండ్‌షీల్డ్ ఊడదీసి హ్యాండిల్ తిప్పి 220 × 80 × 120కి కుదిస్తే 352. బండి అదే, తేడా 208 కిలోలు.
మిగతావి: బండి ప్రమాదకర సరుకు కిందికి వస్తుంది, దాని నంబరు యూఎన్ 3166. ట్యాంకులో పెట్రోలు ఎంత ఉండొచ్చో ఎయిర్‌లైన్ చెప్తుంది, దాదాపు ఖాళీ అనుకో. బ్యాటరీ టెర్మినళ్లు విప్పి టేపు చుట్టాలి, డిక్లరేషన్ రాసివ్వాలి. పెట్టె చెక్కదైతే ఐఎస్‌పీఎమ్ 15 ముద్ర ఉండాలి, అంటే చెక్క లోపల దాకా 56 డిగ్రీల్లో 30 నిమిషాలు వేడి చేసినట్టు గుర్తు. ఆ ముద్ర లేని చెక్కకి గమ్యంలో ఆపేస్తారు.
యూరప్‌కి కార్నే (బండిని సుంకం కట్టకుండా తాత్కాలికంగా తీసుకెళ్లే కస్టమ్స్ పత్రం) అక్కర్లేదు, ఆరు నెలల దాకా తాత్కాలికంగా తిప్పుకోవచ్చు. కానీ అక్కడ చెల్లే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ విడిగా తీసుకోవాలి. రెండు వారాలకి ఇంత తతంగం అనవసరం. రెండు మూడు నెలలైతే లెక్క తిరగబడుతుంది.

గేరునూనె
రెండు నెలలు దాటితే పెట్టెలో పంపిన సొంత బండి, రెండు వారాలైతే అద్దె బండి. అంతే.

సైడ్‌స్టాండ్
సరే, అద్దె. ఫ్రాన్స్ మీద మనసు పీకుతోంది గానీ వదిలేస్తా. నీస్ సముద్రం ఎక్కడికీ పోదు. అద్దె తీసుకునేటప్పుడు ఏం చూడాలి?

పెట్టెబండి
కార్డు ముందు. డిపాజిట్ కింద పెద్ద మొత్తం హోల్డ్ చేస్తారు, చాలా షాపులు డెబిట్ కార్డు ముట్టుకోవు. కాంట్రాక్టులో ఎవరి పేరుందో కార్డు కూడా ఆ పేరు మీదే ఉండాలి. ఆ హోల్డ్ పోగా ప్రయాణానికి లిమిట్ మిగలాలి, కాబట్టి రెండో కార్డు పెట్టుకో. ఓటీపీ వచ్చే సిమ్ రోమింగ్‌లో బతికుండాలి, డేటాకి ఈసిమ్ వేరేగా.
తర్వాత కాంట్రాక్టులో నాలుగు చోట్ల వేలు పెట్టి చదువు. ఒకటి, రోజుకి ఎన్ని కి.మీ. ఉచితం, దాటితే ఎంత. రెండు, ఏయే దేశాలకి అనుమతి, లిఖితంగా. మూడు, డ్యామేజీ మాఫీలో నీ వంతు ఎంత. నాలుగు, మాఫీలో రానివి: మామూలుగా టైర్లు, విండ్‌షీల్డ్, అద్దాలు, ప్యానియర్లు (బండి పక్కన తగిలించే సామాను పెట్టెలు) బయటే ఉంటాయి. నిలబడ్డ చోట బండి ఒరిగితే విరిగేవీ అవే.
బండి చేతికొచ్చాక చుట్టూ వీడియో తియ్యి, టైరు గాడి లోతుతో సహా. రిమ్ముల లోపలి అంచు మర్చిపోకు.

చైన్‌స్లాక్
దానికి ఇంకోటి కలుపు: ప్యానియర్ తాళం, ఇంధనం మూత, స్టీరింగ్ లాక్ అన్నీ ఒకే తాళంచెవికి పనిచేస్తున్నాయా చూసుకో. స్పేర్ చెవి ఇస్తే పిలియన్ జేబులో ఉండాలి. నీ జేబులో రెండూ ఉంటే అది స్పేర్ కాదు.

మ్యాపులోడు
లైసెన్సు సంగతి ఎవరూ ఎత్తలేదు. అంతర్జాతీయ పర్మిట్‌లో మోటార్‌సైకిల్ గడిలో ముద్ర ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి. కారు గడిలో మాత్రమే ఉంటే బండి ఇవ్వరు. ఇచ్చినా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ చేతులెత్తేస్తుంది. 1949 ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్ ఏడాదే చెల్లుతుంది, 1968 ఒప్పందం కిందిది మూడేళ్ల దాకా. ఏదైనా ఒరిజినల్ లైసెన్సు పక్కన ఉంటేనే దానికి విలువ.

గేరునూనె
ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా. షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల కవర్ అడుగుతారు కదా అని అందరూ అది తీసుకుని ఊరుకుంటారు. పాలసీలో మినహాయింపుల పేజీ తియ్యండి. చాలా పాలసీల్లో 125 సీసీ దాటిన బండి నడిపితే, లేదా వెనక కూర్చున్నా సరే, వర్తించదని ఉంటుంది. యాడ్-ఆన్ కొనాలి. కొండ మీంచి హెలికాప్టర్‌లో దింపితే దానికయ్యే ఖర్చు అందులో ఉందో లేదో కూడా చూడండి. అక్కడ అది ఉచితం అనుకోవద్దు.

వెనకసీటు
@గేరునూనె "వెనక కూర్చున్నా సరే" అన్నది బోల్డ్‌లో పెట్టాల్సింది. ఇద్దరి పాలసీలూ చూసుకోవాలి.

సైడ్‌స్టాండ్
ఇది నాకు తోచనే లేదు, రాసుకున్నా. ఇక సామాను. ప్యానియర్లు రెండు, టాప్‌బాక్స్ ఒకటి బండితోనే ఇస్తారట. నింపేయొచ్చా?

చైన్‌స్లాక్
ఆగు. బండి గరిష్ఠ బరువులోంచి ఖాళీ బండి బరువు తీసెయ్. ఉదాహరణకి 450లో 250 పోతే 200 మిగిలింది. నువ్వు 80, వెనక 65, ఇద్దరి జాకెట్లు, బూట్లు, హెల్మెట్లు కలిపి 16, ప్యానియర్ల ఖాళీ బరువు, స్టాండుతో సహా 15. ఇంక సామానుకి 24 కిలోలే. ప్యానియర్ ఒక్కోదానికి సుమారు 10, టాప్‌బాక్స్‌కి 5 అని లోపల స్టిక్కరే అంటించి ఉంటుంది. బరువైనవి ప్యానియర్ల అడుగున, టాప్‌బాక్స్‌లో వాన సూట్లూ చేతి తొడుగులూ. టాప్‌బాక్స్‌లో బరువు పడితే ముందు చక్రం తేలిపోయి, వేగం పెరిగేకొద్దీ హ్యాండిల్ ఊగుతుంది.
షాపులోంచి కదిలే ముందు వెనక సస్పెన్షన్ ప్రీలోడ్ (స్ప్రింగు బిగింపు) ఇద్దరు ప్లస్ సామానుకి పెట్టించు. పెట్టకపోతే వెనక కుంగి హెడ్‌లైట్ చెట్లకి కొడుతుంది, మలుపులో స్టాండు రోడ్డుకి గీసుకుంటుంది. టైరు గాలి ఉదయం చల్లగా ఉన్నప్పుడే చూడు. అక్కడ పంపుల మీద బార్ ఉంటుంది: 2.5 బార్ అంటే 36 పీఎస్‌ఐ, 2.9 అంటే 42. మీ బండి అంకె మాత్రం స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే కడ్డీ) మీదో మాన్యువల్‌లోనో ఉన్నదే.

పాతగొలుసు
పట్టుకెళ్లే పంక్చర్ కిట్‌లో రబ్బర్ జిగురు ట్యూబ్ ఉంటే విమానంలో తీసేస్తారు, అది మండే పదార్థం. జిగురు లేని పుట్టగొడుగు ప్లగ్గులు, చిన్న 12 వోల్టుల కంప్రెసర్ మేలు. గ్యాస్ కార్ట్రిడ్జ్‌లతో గాలి కొట్టే కిట్లూ వద్దు. పవర్‌బ్యాంకు చేతి సంచీలోనే, 100 వాట్-అవర్ లోపు.

మ్యాపులోడు
ఫోను హ్యాండిల్ మీద బిగించేవాళ్లకి: ఇంజిన్ కంపనానికి కెమెరాలోని స్టెబిలైజర్ పాడవుతుందని 2021లో ఆపిలే హెచ్చరిక పెట్టింది. డ్యాంపర్ ఉన్న మౌంట్ వాడండి, లేదా పాత ఫోను పెట్టండి.
రూటు ఫైలు విషయం ఇంతకంటే ముఖ్యం. జీపీఎస్‌లోకి ఎక్కించే జీపీఎక్స్ ఫైలులో రూటు వేరు, ట్రాక్ వేరు. రూటు అంటే కొన్ని బిందువులే, మధ్య దారి మీ పరికరం తనకు తోచినట్టు లెక్కగడుతుంది. ఇంట్లో కంప్యూటర్ మీద కనుమ ఎక్కించిన రూటు, అక్కడ సొరంగంలోంచి తీసుకుపోతుంది. గొట్‌హార్డ్ దగ్గర సరిగ్గా ఇదే అవుతుంది: పైన రాళ్లు పరిచిన పాత ట్రెమొలా రోడ్డు మీద పోదామని వచ్చి, 17 కి.మీ. సొరంగంలో చెమటలు కక్కుతారు. ట్రాక్ (దారంతా గీసిపెట్టిన గీత) కూడా ఎక్కించుకోండి. ప్రతి కనుమ శిఖరం మీద ఒక బిందువు పెట్టండి. మ్యాపులు ఆఫ్‌లైన్ దించుకోండి.

సైడ్‌స్టాండ్
టోళ్లు, విన్యెట్లు (మోటార్‌వే పాసులు)?

కనుమదారి
స్విట్జర్లాండ్ మోటార్‌వేకి విన్యెట్ 40 ఫ్రాంకులు, బైకుకీ అంతే, ఏడాదిదే ఉంటుంది, చిన్నది లేదు. ఎలక్ట్రానిక్‌ది నంబర్ ప్లేటుకి ముడిపడి ఉంటుంది కాబట్టి కొనే ముందు అద్దె బండికి ఈసరికే ఉందా అని అడుగు. ఆస్ట్రియాలో పది రోజులది దొరుకుతుంది. బ్రెన్నర్ మోటార్‌వేకి అది కాదు, విడిగా టోల్ కట్టాలి. పక్కనే పాత బ్రెన్నర్ రోడ్డు ఉంది, ఉచితం, తోలడానికీ అదే బాగుంటుంది. గ్రాస్‌గ్లాక్నర్, టిమ్మెల్స్‌యోక్ టోల్ రోడ్లు, రెండూ రాత్రి మూసేస్తారు.
గ్రాస్‌గ్లాక్నర్‌కి కట్టిన డబ్బు దండగ అనుకోకు. 1935లో తెరిచిన 48 కి.మీ. రోడ్డు, 36 హెయిర్‌పిన్లు (వెనక్కి తిరిగే ఇరుకు మలుపులు). పొద్దున్నే ఎక్కి పైన అన్నీ చూసి దిగితే సగం రోజు. అక్కడి ఎడెల్‌వైస్‌స్పిట్సె శిఖరం పైకి రాళ్లు పరిచిన రోడ్డు, తడిసి ఉంటే పిలియన్‌ని కింద దింపి వెళ్లు.

గేరునూనె
స్టెల్వియో మాత్రం ఓవర్‌రేటెడ్. చెప్పేశా.

పాతగొలుసు
మొదటిసారి నీతో ఏకీభవిస్తున్నా.

కనుమదారి
ఎప్పుడు ఎక్కారన్నదాన్ని బట్టి ఉంటుంది. 2,757 మీటర్లు, ప్రాటో వైపు 48 హెయిర్‌పిన్లు, ప్రతిదానికీ నంబరు రాయి. ఆదివారం పదకొండింటికి ఎక్కితే బస్సులు, క్యారవాన్లు, సైకిళ్లు, కార్ల జాతర. మంగళవారం ఉదయం ఏడింటికి ఎక్కితే రోడ్డు నీదే. కిందే ప్రాటోలోనో ట్రాఫోయిలోనో రాత్రి ఆగడం అందుకే. వేసవి చివర ఒక రోజు సైకిళ్ల కోసం మోటారు బళ్లకి మూసేస్తారు. డోలమైట్స్‌లోనూ జూలై మొదట్లో ఒక ఆదివారం సైకిల్ రేసుకి కనుమలు మూస్తారు. తేదీలు చూసుకుని హోటల్ బుక్ చెయ్.

చైన్‌స్లాక్
ఓవర్‌రేటెడ్ అనేవాళ్లలో సగం మంది హెయిర్‌పిన్ సరిగా తిప్పలేక అంటారు :) అక్కడ కుడివైపు నడపాలి కాబట్టి ఎక్కేటప్పుడు కుడి హెయిర్‌పిన్ ఇరుకు, లోపలి అంచు నిలువుగా లేస్తుంది. మలుపులోకి రాకముందే ఫస్ట్ గేరు. బయటి అంచు నుంచి ఆలస్యంగా తిప్పు. తల పూర్తిగా తిప్పి బయటికెళ్లే రోడ్డు చూడు, వెనక బ్రేకు మీద కాస్త కాలు ఉంచి యాక్సిలరేటర్ నిలకడగా ఉంచు. మధ్యలో క్లచ్ పూర్తిగా నొక్కావంటే ఇద్దరి బరువుతో లోపలికే పడిపోతుంది. పైనుంచి ఏదో వస్తోందని కనిపిస్తే మలుపు ముందే ఆగు, మధ్యలో ఆగే పని పెట్టుకోకు.
దిగేటప్పుడు సెకండ్ గేరు, ఇంజిన్ బ్రేకింగ్. బ్రేకు మీద కాలేసి ఉంచితే ద్రవం మరుగుతుంది. డాట్ 4 కొత్తదైతే 230 డిగ్రీలు తట్టుకోవాలి, తేమ పీల్చుకున్నాక ఆ హామీ 155కి పడిపోతుంది. అద్దె బండిలో ఎప్పుడు మార్చారో అడిగితే తప్పేం లేదు. లివర్ మెత్తబడిందంటే పక్కకి తీసి చల్లారనివ్వు.

మ్యాపులోడు
ఎడమవైపు నడిపే దేశం నుంచి వెళ్లేవాళ్లకి ట్రాఫిక్‌లో ప్రమాదం తక్కువ, ముందు బండిని చూసి సర్దుకుంటాం. ప్రమాదమంతా ఖాళీ రోడ్డులో. పొద్దున బయల్దేరగానే, పెట్రోలు బంకులోంచి బయటికొస్తూ, ఫొటోకి ఆగి మళ్లీ కదిలేటప్పుడు. విండ్‌షీల్డ్ మీద కుడివైపు బాణం స్టిక్కర్ అంటించండి. కదిలిన ప్రతిసారీ పిలియన్ ఇంటర్‌కామ్‌లో "కుడి" అనాలి.

వెనకసీటు
అనేది మేమే, తిట్లు తినేదీ మేమే.

గేరునూనె
స్విస్ కొండల్లో పసుపు పోస్ట్ బస్సు మూడు స్వరాల హారన్ కొడుతూ మలుపు వెనక నుంచి వస్తుంది. నీలం బోర్డు మీద పసుపు బూర గుర్తున్న రోడ్లలో దారి దానిదే, డ్రైవర్ వెనక్కి వెళ్లమంటే వెళ్లాలి. వేగం ఊళ్లలో 50. ఊరి బయట స్విట్జర్లాండ్‌లో 80, ఇటలీలో 90, ఆస్ట్రియాలో 100. కెమెరా చూపించే యాప్ స్విట్జర్లాండ్‌లో నేరం, సరిహద్దుకి ముందే ఆపేయండి. ఇటలీ ఊళ్ల నడిబొడ్డున జెడ్‌టీఎల్ (బయటి బళ్లకి ప్రవేశం లేని ప్రాంతం) బోర్డు దాటి లోపలికి పోతే కెమెరా పడుతుంది. జరిమానా అద్దె షాపుకి వెళ్తుంది, వాళ్లు తమ ఫీజు వేసి నీ కార్డులో గీకుతారు.

సైడ్‌స్టాండ్
మీరు చెప్పినవన్నీ పెట్టి మార్చా:
1: మ్యూనిక్ నుంచి జెల్ ఆమ్ జే. 2: గ్రాస్‌గ్లాక్నర్, లియెన్జ్, కొర్వారా. 3, 4: కొర్వారాలోనే ఉండి సెల్లా కొండ చుట్టూ. 5: మెరానో మీదుగా ప్రాటో. 6: పొద్దున్నే స్టెల్వియో, బోర్మియో, లివీన్యో. 7: సెలవు. 8: బెర్నినా, యూలియర్, ఒబెరాల్ప్, ఆండర్‌మాట్. 9, 10: ఆండర్‌మాట్‌లోనే. 11: దావోస్, ఫ్లూయెలా, నౌడర్స్. 12: ఇమ్‌స్ట్, హాన్‌టెన్‌యోక్ ఎక్కి లెక్ లోయలో. 13: మ్యూనిక్. 14: వాన కోసం ఖాళీ.
మొత్తం 2,000 కి.మీ. లోపు.

కనుమదారి
ఇప్పుడు ప్లాన్‌లా ఉంది. సెల్లా కొండ చుట్టూ పోర్దోయి, సెల్లా, గార్దేనా, కాంపొలొంగో కనుమలు కలిపి 60 కి.మీ. లోపే. ఒక రోజు అటు, ఇంకో రోజు ఇటు తిరిగితే వేరే రోడ్డులా ఉంటుంది. ఆండర్‌మాట్ నుంచి సుస్టెన్, గ్రిమ్సెల్, ఫుర్కా చుట్టు సుమారు 120. మూడూ 2,100 మీటర్లు దాటినవే. రెండో రోజుకి ట్రెమొలా. లివీన్యోలో ట్యాంకు నింపుకో, పన్ను లేని ఊరు, పెట్రోలు చవక.

చైన్‌స్లాక్
12వ రోజు ఆపు. హాన్‌టెన్‌యోక్, లెక్ లోయ రోడ్లలో నిలబడి కొలిచిన శబ్దం 95 డెసిబెల్స్ దాటిన బైకులకి నిషేధం. 2020 నుంచి వేసవిలో పెడుతున్నారు, జూలై కూడా అందులోకే వస్తుంది. చూసేది రిజిస్ట్రేషన్ కాగితంలో యూ.1 గడిలో రాసిన అంకెని. నీ బండి ఎంత నెమ్మదిగా పోతోందన్నది లెక్కలోకి రాదు. బుక్ చేసేటప్పుడే ఆ అంకె అడుగు. 95 దాటితే ఇమ్‌స్ట్ నుంచి క్యూటాయ్ మీదుగా ఇన్స్‌బ్రుక్, అక్కణ్ణుంచి ఆకెన్‌జే.

పాతగొలుసు
చలి సంగతి ఎవరూ చెప్పలేదు. వెయ్యి మీటర్లకి ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. లోయలో 28 ఉంటే 2,300 మీటర్లు పైకెళ్లేసరికి 13, దానికి గాలి తోడు. జూలైలో మధ్యాహ్నం ఉరుములు మామూలే, అందుకే పెద్ద కనుమ ఎప్పుడూ ఉదయం పెట్టుకోవాలి. జాలీ జాకెట్ ఒక్కటే వేసుకెళ్లకండి. లోపల పలచటి ఉన్ని పొర, పైన వాన సూట్. చేతి తొడుగులు రెండు జతలు, ఒకటి వాటర్‌ప్రూఫ్. హెల్మెట్‌కి యూరప్ ప్రమాణం ఈసీఈ 22.05 గానీ 22.06 గానీ ముద్ర ఉండాలి. ఆస్ట్రియాలో బైకు మీద ఫస్ట్ ఎయిడ్ పెట్టె తప్పనిసరి, అద్దె బండి సీటు కింద ఉందో లేదో చూడండి.

సైడ్‌స్టాండ్
నా దగ్గర ఎయిర్‌బ్యాగ్ జాకెట్ ఉంది, గ్యాస్ కార్ట్రిడ్జ్‌ది. పైన గ్యాస్ కిట్లు వద్దన్నారు, మరి ఇది?

పెట్టెబండి
దీనికి వేరే నిబంధన. జాకెట్‌లో రెండు చిన్న కార్ట్రిడ్జ్‌ల దాకా, స్పేర్ ఇంకో రెండు, కానీ ఎయిర్‌లైన్ ముందుగా ఒప్పుకోవాలి. టికెట్ కొనగానే మెయిల్ పెట్టి, ఆమోదం ప్రింటు తీసుకుని, జాకెట్ మాన్యువల్‌లో కార్ట్రిడ్జ్ పేజీతో పాటు పెట్టుకో. కార్ట్రిడ్జ్ విప్పి వేరుగా ప్యాక్ చెయ్యాలంటారో, ఉంచమంటారో కూడా అదే మెయిల్‌లో అడుగు. రెండు విమానాలు మారుతుంటే రెండు కంపెనీలకీ రాయాలి.